సింక్ ఫోల్డర్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోనా, ల్యాప్‌టాప్‌లోనేనా: ఏది మేలు?

ల్యాప్‌టాప్‌లో ఉన్నది 256 జీబీ, క్లౌడ్‌లో పేరుకున్నది 400 జీబీ. అలాంటప్పుడు సింక్ ఫోల్డర్‌ని, అంటే క్లౌడ్‌లోని ఫైళ్లతో ఎప్పటికప్పుడు సరిపోలుతూ కంప్యూటర్‌లో ఉండే ఫోల్డర్‌ని, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి మార్చేద్దామనే ఎవరికైనా ముందు తడుతుంది. నేనూ అదే చేశాను. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒకరోజు టేబుల్ జరుపుతుంటే కేబుల్ ఊడింది. తిరిగి పెట్టేలోపే స్క్రీన్ మీద మెసేజ్: ఫోల్డర్ కనబడటం లేదు, ఎక్కడుందో చూపించండి. ఆ రెండు నిమిషాల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అసలు భయం ఇక్కడే. డ్రైవ్ ఊడిందా, ఫైళ్లు మీరే తీసేశారా అన్నది సింక్ ప్రోగ్రామ్ ప్రతిసారీ సరిగ్గా పోల్చుకోలేకపోవచ్చు. తీసేశారనుకుంటే క్లౌడ్‌లోనూ, మీ మిగతా కంప్యూటర్లలోనూ తీసేస్తుంది. అవకాశం తక్కువే, కానీ డ్రాప్‌బాక్స్ తన సహాయ పేజీల్లో దీని గురించి హెచ్చరించింది కూడా. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో పడినవి 30 రోజులుంటాయి కాబట్టి, వెంటనే గమనిస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు.

దీనికి తోడు విండోస్‌లో డ్రైవ్ అక్షరం (ప్రతి డ్రైవ్‌కీ విండోస్ ఇచ్చే E:, F: లాంటి గుర్తు) గొడవ. ముందు పెన్‌డ్రైవ్ పెడితే ఆ అక్షరం దానికి పోయి, ఫోల్డర్ దారి తప్పుతుంది. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే టూల్‌లో చివరి అక్షరాల్లో ఒకటి కేటాయిస్తే ఆ బెడద తగ్గుతుంది. వన్‌డ్రైవ్‌కైతే విండోస్‌లో డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లో ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఉంటే, డ్రైవ్‌ని మళ్లీ ఫార్మాట్ చేయాలి, అందులో ఉన్నవన్నీ ముందే వేరేచోట దాచుకుని.

రెండో దారి వన్‌డ్రైవ్‌లోని ఫైల్స్ ఆన్-డిమాండ్, గూగుల్ డ్రైవ్‌లోని స్ట్రీమింగ్. ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి, తెరిచినప్పుడే అసలు ఫైలు దిగుతుంది. రోజూ వాడేవాటికి ఆఫ్‌లైన్‌లో ఉంచే ఆప్షన్ ఎంచుకుంటే చాలు. నెట్ లేకపోతే మిగతావి తెరుచుకోవు, అదొక్కటే లోటు.

ల్యాప్‌టాప్ తిప్పుతూ పనిచేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది రెండో దారే. డెస్క్‌టాప్‌కి డ్రైవ్ ఎప్పుడూ తగిలించే ఉంచేవాళ్లకు, పెద్ద పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు మొదటిది నప్పుతుంది. ఆ డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే రకం) అయితే ఇంకా మంచిది. డ్రైవ్ తీయాల్సి వచ్చినప్పుడు మాత్రం సింక్‌ని పాజ్ చేసి ఊరుకోకండి. ప్రోగ్రామ్‌ని పూర్తిగా మూసి, ఎజెక్ట్ కొట్టి, ఆ తర్వాతే కేబుల్ ముట్టుకోండి.