.315 వదిలి .30-06 పట్టాక: పెన్‌గంగ ఒడ్డున పంట కాలాలు దాటిన వాడకం

ముందే చెప్పేస్తాను. మన దేశంలో మామూలు లైసెన్స్ మీద, షూటింగ్ రేంజిలో టార్గెట్ కొట్టడానికీ చేను కాపాడుకోవడానికీ కలిపి ఒకే తూటా ఎంచుకోవాలంటే నా ఓటు .30-06కే, మనవాళ్లు నోటితో థర్టీ ఆట్ సిక్స్ అనేది. ఈ అంకెలన్నీ తూటా సైజును బట్టి పెట్టిన పేర్లు, ఆ తూటా కాల్చే రైఫిల్‌నూ అదే పేరుతో పిలుస్తాం. .315 చాలా ఏళ్లు వాడాను, ఇంట్లో ట్వెల్వ్ బోర్ (గుళ్లు చిమ్మే తుపాకి) ఉండేది, .22 ఇప్పటికీ ఉంది, కాబట్టి పోల్చి చెప్పగలను. కానీ ఈ ఓటు వెనక కొన్ని షరతులున్నాయి, అవి వినకుండా వెళ్లి కొనేసి తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

మాది ఆదిలాబాద్ జిల్లా, బేల వైపు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. వానాకాలం పత్తి, సోయా, కంది. యాసంగిలో శనగ, జొన్న. శనగ కాయ పట్టే సమయానికి అడవి పందుల మంద దిగిందంటే తిన్నదాని కంటే తొక్కి పెళ్లగించిందే ఎక్కువ ఉంటుంది, రెండెకరాలు ఒక్క రాత్రిలో దున్నేసినట్టు అయిపోతుంది. రాత్రి జాగలి మా ఊళ్లో ప్రతి ఇంటికీ తప్పని పనే. ఆ ఒడ్డున తిప్పేశ్వర్ అభయారణ్యం ఉంది, అక్కడి పులులు నది దాటి మన భీంపూర్, తాంసి వైపు వస్తూనే ఉంటాయి. పులి అడుగులు కనపడ్డాయంటే అటవీ శాఖ వాళ్లు రాత్రి చేన్లో కూర్చోనివ్వరు, కూర్చోవద్దు కూడా. వేట అని నేను రాసే చోటల్లా ఒకటి గుర్తుపెట్టుకోండి: 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. పంట నాశనం చేస్తున్న పందినైనా సెక్షన్ 11 కింద రాతపూర్వకంగా ఉత్తర్వు ఉంటేనే కాల్చాలి, కాల్చాక ఫారెస్టు వాళ్లు వచ్చి పంచనామా చేస్తారు. ఇంటికి మాంసం రాదు. సరదా కోసం కొనాలనుకునేవాళ్లకు రేంజి తప్ప వేరే చోటు లేదు.

మా ఇంట్లో లైసెన్స్ మీద మూడు ఉండేవి. తాతల నాటి డబుల్ బ్యారెల్ ట్వెల్వ్ బోర్, నాన్న కొన్న .315, నేను క్లబ్బులో చేరాక తీసుకున్న .22. 2019లో ఆయుధాల చట్టం మార్చి ఒక మనిషికి రెండే అన్నారు, మూడోది 2020 డిసెంబరు లోపు అప్పగించమన్నారు. ఏది వదలాలి అన్న లెక్క అప్పుడే మొదలైంది. ట్వెల్వ్ బోర్ మీద ఇంట్లో అందరికీ ప్రేమే, నాకూ ప్రేమే, కానీ ఎల్‌జీ అనే లావు గుళ్లు వేసినా నలభై గజాలు దాటితే దాన్ని నమ్మలేం, గుళ్లు చెదిరిపోయి పంది గాయంతో చెరువు గట్టు ఎక్కి పోతుంది. గాయపడిన మగ పంది ఎంత ప్రమాదమో పల్లెలో ఎవర్నడిగినా చెప్తారు. అలా ట్వెల్వ్ బోర్ వెళ్లిపోయింది. రెండు మిగిలాయి. ఆ తర్వాత .315 స్థానంలో .30-06 తెచ్చుకోవడానికి కలెక్టరేట్ చుట్టూ తిరిగిన సంగతి రాస్తే ఇంకో పేజీ అవుతుంది, వదిలేస్తున్నాను.

.315 గురించి న్యాయంగా మాట్లాడాలి. దీని పుట్టుక ఆస్ట్రియా సైన్యం పాత 8 మిల్లీమీటర్ల మాన్లిహర్ తూటా. బ్రిటిష్ వాళ్లు సైన్యం వాడే .303ని జనం చేతికి రానివ్వలేదు, అందుకని ఆ లోటు తీర్చడానికి మన దగ్గర ఇది నిలబడింది. పశ్చిమ బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి చేస్తూనే ఉంది, దేశంలో ఏ డీలర్ దగ్గరికి వెళ్లినా ముందు చూపించేది ఇదే. 244 గ్రెయిన్ల గుండు, అంటే దాదాపు 16 గ్రాములు, నిదానంగా వెళ్తుంది కానీ తగిలితే మామూలుగా తగలదు. అరవై డెబ్భై గజాల లోపు పందికి ఇది చాలదు అన్నవాడు దాన్ని వాడలేదనుకోండి.

గొడవంతా ఆ పైన. వంద గజాలకు సైట్ (గురి చూసే అమరిక) సరిచేసి పెట్టుకుంటే రెండు వందల దగ్గర గుండు ముప్పావు అడుగు పైనే కిందికి దిగుతుంది. చేన్లో చీకట్లో దూరం సరిగ్గా అంచనా వేయడం ఎవరివల్లా కాదు, ఒక ముప్పై గజాలు తేడా వస్తే పంది భుజం బదులు కాలు. రేంజిలోనూ అంతే, నా .315తో వంద మీటర్లలో అయిదు తూటాలు అరచేయంత గ్రూపులో పడితే ఆ రోజు పండగ. రైఫిల్ తప్పు కొంత, ఓపెన్ సైట్ తప్పు కొంత, తూటాకూ తూటాకూ మధ్య తేడా కొంత. స్కోపు (గురి చూసే దుర్బిణి) వేయిద్దామని చూశాను, దాన్ని రైఫిల్‌కు బిగించే సరైన మౌంట్ కుదరలేదు.

ఇంకో చిన్న తలనొప్పి, వాడినవాళ్లకే తెలిసేది. దీని తూటా అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మ్యాగజైన్లో నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండేలా పెట్టాలి. వెనక పడిందో, బోల్ట్ (తూటాను లోపలికి తోసే కడ్డీ) తోసినప్పుడు పై తూటా కింది దాన్ని లాక్కుని అక్కడే ఇరుక్కుంటుంది. పగలు తాపీగా నింపితే సమస్యే లేదు. రాత్రి మంచె మీద, మంచుకు వేళ్లు కొంకర్లు పోయినప్పుడు, టార్చి వెలిగించకుండా నింపి చూడండి. .30-06 తూటాకు అంచు బయటికి రాదు, ఎలా నింపినా నునుపుగా ఎక్కుతుంది. కాగితం మీద ఈ తేడా ఎవరూ రాయరు, నాకు మాత్రం ఇదొక్కటే సగం కారణం.

మరి ఇంటర్నెట్లో అందరూ చెప్పే .308, 6.5 క్రీడ్‌మూర్ సంగతేంటి అని అడుగుతారు. .308 మంచి తూటానే, .30-06 కంటే పొట్టిది, గుండు వ్యాసం అదే, పనితనం కూడా కాస్త అటూఇటూగా అంతే. కానీ అది సైన్యం 7.62 తూటాకు కవల కాబట్టి మనకు ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు లైసెన్స్ మీద ఇవ్వనిది. .303 కూడా అదే ఖాతా. చిత్రం ఏమిటంటే .30-06 కూడా ఒకప్పుడు సైనిక తూటానే, 1906లో అమెరికా సైన్యం తీసుకుంది, రెండు ప్రపంచ యుద్ధాల్లో వాళ్లు దాంతోనే కాల్చారు. అయినా మన లైసెన్స్ మీద దొరుకుతుంది. 6.5 క్రీడ్‌మూర్ 2007లో టార్గెట్ పోటీల కోసం పుట్టింది, రికాయిల్ (వెనక్కి తన్నడం) తక్కువ, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, అన్నీ నిజమే. మామూలు లైసెన్స్‌దారు విదేశీ రైఫిల్ తెప్పించుకోలేడు, ఖాళీ తూటాలు ఇంట్లో మళ్లీ నింపుకోవడానికీ లేదు. దొరకని దాని గురించి రాత్రంతా వీడియోలు చూసి ఏం లాభం చెప్పండి.

సరే, .30-06. నాకు ఎక్కువగా దొరికింది 180 గ్రెయిన్ల మెత్తని మొన తూటా, 11.7 గ్రాములు, వేగం సెకనుకు 2,700 అడుగుల లెక్క. వంద గజాలకు సైట్ పెడితే రెండు వందల దగ్గర దింపు నాలుగు అంగుళాలు. .315తో పోలిస్తే సగం కంటే తక్కువ. చేన్లో దీనర్థం ఏమిటంటే, దూరం అంచనాలో కొంచెం తప్పినా గుండు ఉండాల్సిన చోటికి దగ్గర్లోనే ఉంటుంది. స్కోపు వేయించాను, పెద్దది కాదు, నాలుగు రెట్లు చూపించేది. వంద మీటర్లలో మంచి రోజున మూడు అంగుళాల లోపు గ్రూపు వస్తుంది, చెడ్డ రోజున అయిదు, ఆ చెడ్డ రోజు చాలాసార్లు నా భుజానిదే. తేలికైన 150 గ్రెయిన్లది కూడా కొన్నిసార్లు దొరికింది. అది ఇంకా వేగంగా వెళ్తుంది, రేంజిలో హాయిగా ఉంది, కానీ నా రైఫిల్లో రెండూ ఒకే చోట కొట్టవు. అంగుళంన్నర పైకి, కొంచెం ఎడమకు. పెట్టె మారిస్తే సైట్ మళ్లీ చూసుకోవాల్సిందే.

తన్ను గురించి. .30-06 తంతుంది, మొహమాటం లేకుండా తంతుంది. కూర్చుని, సంచి మీద ఆనించి వరసగా కాలిస్తే పది దాటాక మనసు ముందే భయపడి ట్రిగ్గర్ కుదపడం మొదలుపెడుతుంది, కన్ను మూసుకుపోతుంది, గ్రూపు చెడుతుంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర మందపాటి రబ్బరు ప్యాడ్ కోయించి భుజానికి ఆనే చివరకు, అంటే బట్‌కు, వేయించాను, చాలా తేడా వచ్చింది. అయినా ఒక సిట్టింగ్‌లో పదికి మించి కాల్చను.

చేన్లో వాడకం చెప్తాను. మన నల్లరేగడి చదునుగా ఉంటుంది, గుండును ఆపే గుట్ట ఉండదు. .30-06 గుండు మైళ్ల దూరం పోగలదు. కాబట్టి మంచె ఎత్తుగా కట్టి కిందికి కాల్చే కోణం ఉంటేనే కాల్చాలి, గురి తప్పినా గుండు అక్కడే నేలలో దిగాలి. అవతల చేన్లో ఇంకెవరో జాగలికి కూర్చుని ఉంటారు, వాళ్ల టార్చి వెలుగు ఏ వైపు ఉందో చీకటి పడేలోపే చూసుకుంటాను. వాన తడి మట్టి గుండును మింగేస్తుంది, ఎండాకాలం ఎండిన గడ్డ మీద, రాళ్ల మీద మాత్రం గుండు ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. రాతి గట్టు వైపు వచ్చిన మందను కాల్చకుండా అరిచి తోలేసిన రాత్రులు ఉన్నాయి. మెత్తని మొన తూటా వాడమనేది కూడా ఇందుకే, అది లోపల విచ్చుకుని ఆగిపోయే అవకాశం ఎక్కువ. గట్టి తొడుగు ఉన్నది సూటిగా దూసుకుని అవతలికి పోతుంది. పెద్ద మగ పందికి భుజాల మీద చర్మం కింద గట్టి పలకలా ఉంటుంది, ఉత్తర్వు మీద కాల్చిన ఒకదానికి ఫారెస్టు వాళ్ల ముందే కోసినప్పుడు వేలు పెట్టి చూశాను, టైరు ముక్కలా ఉంది. .30-06 దాన్ని దాటి అటు పక్క చర్మం కింద ఆగింది, గుండు పుట్టగొడుగులా విచ్చుకుని.

ఇక దీని లోపాలు. తూటాల దొరుకుడు. .315 పెట్టె ఎప్పుడు అడిగినా ఉంటుంది, .30-06 అడిగితే డీలర్ రిజిస్టర్ తిప్పుతాడు, ఫోన్ చేస్తానంటాడు, చేయడు. ఒకసారి శనగ కాలం అంతా నా దగ్గర మిగిలిన గుప్పెడు తూటాలతో గడిపాను. ధర కూడా ఎక్కువే. అందుకే సీజన్‌కు ముందే, లైసెన్స్‌లో రాసిన పరిమితి లోపల తెచ్చి పెట్టుకోవడం తప్పదు. దాచడం కూడా చూసుకోవాలి. తోలు బెల్టులో తూటాలు వదిలేస్తే మా వానాకాలానికి ఇత్తడి మీద పచ్చ చిలుము పడుతుంది. తడి బట్టతో కాదు, పొడి బట్టతో తుడిచి డబ్బాలో వేసి మూత పెట్టాలి. చిలుము పట్టిన తూటా ఛాంబర్లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) ఇరుక్కుంటుంది, నేను దాన్ని కాల్చను, పక్కన పెట్టేస్తాను.

ఎన్నికలు వస్తే అన్ని తుపాకులూ స్టేషన్‌కే. 2023 అక్టోబరులో కోడ్ వచ్చింది, నవంబరు 30న పోలింగ్, అంటే సోయా కోత నుంచి కంది పూత దాకా రైఫిల్ ఇంట్లో లేదు. తిరిగి చేతికొచ్చేసరికి బోల్ట్ మీద తుప్పు చుక్కలు. అప్పగించే ముందు బ్యారెల్ లోపలా బయటా నూనె రాసి, గుడ్డ చుట్టి, రసీదులో నంబరు సరిచూసుకోవడం మర్చిపోవద్దు. ఆ నెలల్లో పందులకు ఏ కోడూ లేదు, డప్పులు, టపాకాయలే దిక్కు.

.22ని ఎందుకు వదల్లేదంటే, సాధన దాంతోనే. 40 గ్రెయిన్ల గుండు, రెండున్నర గ్రాములు, తన్ను అసలు తెలియదు, యాభై తూటాల పెట్టె ఖర్చు కూడా భరించేలా ఉంటుంది. యాభై మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరంత. దాని మీద ఊపిరి ఆపడం, ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకున్న చేతికే .30-06 లొంగుతుంది. అయితే .22తో పందిని కాలుస్తానన్నవాడికి తుపాకి ఇవ్వకూడదు. రెండింటి శక్తికీ పోలికే లేదు, .22ది వంద అడుగు-పౌండ్ల పైచిలుకు, .30-06ది 2,900 చుట్టూ.

కాబట్టి నా లెక్క ఇది. లైసెన్స్‌లో రెండు గళ్లు ఉంటే ఒకటి .22, ఒకటి .30-06. ఒకటే గడి ఉండి, పని అంతా చేన్లో, అదీ డెబ్భై గజాల లోపే అయితే .315తో సర్దుకోండి, తూటాలకు ఇబ్బంది పడరు. పని అంతా రేంజిలోనే అయితే పెద్ద రైఫిలే వద్దు, .22 కొని మిగిలిన డబ్బు తూటాలకు పెట్టండి. మా తమ్ముడి కొడుక్కి అదే చెప్పాను, వాడు ఇప్పుడు క్లబ్బు రైఫిల్‌తోనే నడిపిస్తున్నాడు, నా .30-06 ఒక్కసారి కాల్చి భుజం పట్టుకుని "పెదనాన్నా, నాకిది వద్దు" అన్నాడు. పాత .30-06 కొనేవాళ్లు మాత్రం డబ్బు ఇచ్చే ముందు బోల్ట్ తీసి బ్యారెల్ లోపలికి వెలుతురు పెట్టి చూడండి. గుండును తిప్పే గాడి అంచులు గుండ్రంగా అరిగిపోయి, లోపల బూడిద రంగు గుంటలు కనపడితే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.