అనంతపురం మిద్దెలపై 3 కిలోవాట్ల సోలార్: ఎవరికి గిట్టుతుంది?

నెలకు 200 యూనిట్లు కాలని ఇంటికి 3 కిలోవాట్ల సెట్టు దండగే. ఇంటి మిద్దెలపై సోలార్‌కు రాయితీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద మొదటి 2 కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000 రూపాయల రాయితీ. 78,000 దగ్గర ఆగిపోతుంది, 5 కిలోవాట్లు పెట్టినా అంతే. అందుకే అందరికీ 3 కిలోవాట్లే అంటగడుతుంటారు.

కొటేషన్ రెండు లక్షలనుకుంటే, రాయితీ పోను చేతినుంచి పడేది 1,22,000. 2025-26 శ్లాబుల్లో నెలకు 300 యూనిట్ల ఇంటికి ఎనర్జీ ఛార్జీ (యూనిట్లకు పడే డబ్బు) 1,673 రూపాయలు. అందులో చివరి 75 యూనిట్లవే 656. ఆ ఛార్జీ అంతా మిగిలితే ఈ ఇంటికి ఆరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. 120 యూనిట్ల ఇంటికి ఆ ఛార్జీ 395 రూపాయలే. అంటే పాతికేళ్లు! అప్పటికి ప్యానెల్ వారంటీ కూడా తీరిపోతుంది.

కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు మొత్తం 360 దాకా వస్తాయి. మే నెలలో ఎండ ఎక్కువ కాబట్టి ఉత్పత్తీ ఎక్కువేనన్నది అమ్మేవాళ్ల మాట. కానీ పలక వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ప్యానెల్ శక్తి దాదాపు 0.35 శాతం పడిపోతుంది. పలక 65 డిగ్రీలకు కాగితే 14 శాతం పోయినట్టే. కిందినుంచి గాలి ఆడేలా స్టాండు ఎత్తుగా, దక్షిణానికి 15 డిగ్రీల వాలుతో ఉండాలి. స్టాండు వేడి జింకులో ముంచినదై ఉండాలి, రంగు పూసిన ఇనుము వద్దు.

కొటేషన్‌లో 'డీసీఆర్ ప్యానెళ్లు' (సెల్స్‌తో సహా దేశంలోనే తయారైనవి) అన్న మాట లేకపోతే సంతకం చేయొద్దు. దేశీయ సెల్స్ కాకపోతే రాయితీ రాదు. ఎర్తింగ్ గుంతలు మూడు: ప్యానెళ్ల వైపు డీసీకి, ఇంటి వైపు ఏసీకి, పిడుగు కడ్డీకి. ఖర్చు మిగుల్చుకోవడానికి ముందు కోత పడేది ఇక్కడే, గుంత పూడ్చకముందే చూసుకోవాలి.

సర్వీసు ఇంకా నాయన పేరుమీదే ఉంటే ముందు పేరు మార్పించుకుని, తర్వాత దరఖాస్తు పెట్టాలి. నెట్ మీటరు (లైనుకు ఇచ్చిన, తీసుకున్న కరెంటు రెండూ లెక్కించేది) బిగించి, కరెంటు పంపిణీ సంస్థ డిస్కం తనిఖీ అయ్యాకే రాయితీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందాకా మొత్తం డబ్బు మనమే సర్దాలి. తాకట్టు లేని బ్యాంకు లోను ఉంది.

బ్యాటరీ లేని సెట్టు కరెంటు పోతే పట్టపగలైనా ఆగుతుంది. లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఇన్వర్టరే ఆపేస్తుంది, అది లోపం కాదు.

దుమ్ము కడగడానికి బోరు నీళ్లు వాడితే గాజుమీద తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. తెల్లవారుజామునే కడిగి, ఆరకముందే రబ్బరు వైపరుతో లాగేయాలి. మధ్యాహ్నం కాగిన గాజుమీద చన్నీళ్లు పోస్తే పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది.