పాత రేడియోగ్రామ్‌కు మళ్లీ గొంతు వచ్చింది

మా తాతగారి వాల్వ్ రేడియోగ్రామ్‌ను (గాజు వాల్వులతో పనిచేసే రేడియో, రికార్డు ప్లేయర్ రెండూ ఒకే చెక్కపెట్టెలో ఉండే పరికరం) కోఠి దగ్గరున్న ఒక చిన్న మరమ్మతు దుకాణంలో ఇచ్చి, 2 నెలల తరువాత మొన్ననే ఇంటికి తెచ్చుకున్నాను. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పెట్టెను నేరుగా కరెంటుకు తగిలించకుండా, 100 వాట్ల బల్బును సిరీస్‌లో కలిపి, అది వెలిగే తీరును బట్టి లోపల షార్టు లేదని నిర్ధారించుకున్నాకే మెకానిక్‌గారు పని మొదలుపెట్టడం నాకు ఎంతో నచ్చింది. కరెంటు లీకవుతున్న కాగితపు కెపాసిటర్లన్నిటినీ మార్చారు గానీ, స్పీకర్‌కు శబ్దాన్ని పెంచి అందించే, బాగా పనిచేస్తున్న ఈఎల్84 వాల్వును మాత్రం ముట్టుకోలేదు. అనవసరమైన ఖర్చు పెట్టించకపోవడం ఈ రోజుల్లో చిన్న విషయం కాదు. గ్యారార్డ్ కంపెనీ టర్న్‌టేబుల్‌లో గట్టిపడిపోయిన రబ్బరు చక్రాన్ని మార్చాక, నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు పెట్టినా స్వరం వణకడం లేదు.

టేకు చెక్క పాలిష్ మాత్రం నిరాశపరిచింది. పాత లక్క పాలిష్ మీద చిక్కటి ముదురు వార్నిష్ పూయడంతో చెక్కలోని సహజమైన గీతలు మరుగునపడ్డాయి కాబట్టి, ఆ పనిని అనుభవమున్న వడ్రంగికే అప్పగించండి.

నిన్న సాయంత్రం ముల్లును 738 కిలోహెర్ట్జ్ దగ్గరికి తిప్పగానే, స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో చూపే మ్యాజిక్ ఐ దీపంలోని ఆకుపచ్చ వెలుగులు దగ్గరపడి, హైదరాబాద్ కేంద్రం స్పష్టంగా పలికింది.