వెంటోటేనె దీవిలో స్పినెల్లి టూర్: జైలు కథ సూపర్, రాజకీయం మాత్రం ఎగ్గొట్టేశారు

ఇటలీలోని వెంటోటేనె దీవిలో, ముస్సోలినీ కాలంలో అక్కడ ఖైదీగా ఉన్న రాజకీయ నాయకుడు స్పినెల్లి గురించి చేసే గైడెడ్ టూర్ ఇది. ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 3. ఆపరేటర్ పేరు రాయట్లేదు, ఎందుకంటే తిట్టేది కూడా బాగానే ఉంది.

రోమ్‌లో చదువుకునే మనోళ్ళు వీకెండ్ అంటే నేపుల్స్, పొంపెయీ తప్ప వేరే ఆలోచించరు కాబట్టి రూట్ చెప్తున్నా. రోమ్ టెర్మినీ స్టేషన్ నుంచి ఫోర్మియాకి రీజనల్ ట్రెయిన్, స్టేషన్ నుంచి పోర్టుకి నడిచెళ్ళిపోవచ్చు, అక్కడ్నుంచి మామూలు ఫెర్రీ అయితే రెండు గంటలు, స్పీడ్ బోటు అయితే సుమారు గంట. సముద్రం అటూ ఇటూ ఉంటే క్యాన్సిల్ చేసేస్తారు, తెల్లారి ఎగ్జామ్ పెట్టుకుని మాత్రం వెళ్ళకండి. దీవి మొత్తం 3 కిలోమీటర్ల పొడవు కూడా ఉండదు. దిగ్గానే రోమన్ల కాలంలో రాయి తొలిచి చేసిన హార్బరు కనిపిస్తుంది, అది చూడ్డానికే వెళ్ళొచ్చు అసలు.

టూర్ మొత్తం అల్టియేరో స్పినెల్లి మీద. ఈయన 1907లో రోమ్‌లో పుట్టాడు, కుర్రతనంలోనే కమ్యూనిస్టు పార్టీలో చేరాడు, 1927లో ముస్సోలినీ పోలీసులు పట్టుకునేసరికి ఇంకా 20 ఏళ్ళు కూడా నిండలేదు. పదేళ్ళు జైలు, తర్వాత పోంజా దీవిలో నిర్బంధం, 1939 నుంచి ఈ వెంటోటేనెలో నిర్బంధం, 1943లో గానీ వదల్లేదు. ఈ పార్ట్ గైడ్ అద్భుతంగా చెప్పింది, నిజంగా. ఇక్కడ ఖైదీలు పార్టీల వారీగా విడివిడిగా మెస్‌లు నడుపుకునేవాళ్ళంట, కమ్యూనిస్టులది ఒకటి, సోషలిస్టులది ఇంకోటి అలా. స్టాలిన్ పద్ధతులు నచ్చలేదన్నందుకు 1937లో పార్టీ స్పినెల్లిని బయటికి పంపేసింది కాబట్టి పాత కామ్రేడ్స్ ఇదే దీవిలో ఎదురుపడినా పలకరించేవాళ్ళు కాదట. హాస్టల్లో గ్రూపులు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమైపోద్ది. అలాంటి టైంలో 1941లో ఎర్నెస్టో రోస్సీతో కలిసి, యూరప్ దేశాలన్నీ కలిపి ఒక ఫెడరేషన్ కావాలని మానిఫెస్టో రాశాడు. ఇంకో ఖైదీ యుజేనియో కొలోర్ని కూడా చర్చల్లో ఉన్నాడు, ఆయన భార్య ఉర్సులా హిర్ష్‌మన్ దాన్ని రహస్యంగా బయటికి చేర్చింది. కోడి కడుపులో దాచి తీసుకెళ్ళారని కూడా చెప్తారు, అది కొంచెం సినిమా అనిపించింది నాకు.

గైడ్ ఎదురుగా కనిపించే సాంతో స్తెఫానో జైలు చూపిస్తే మా గ్రూపులో సగం మంది స్పినెల్లి అక్కడే ఉన్నాడనుకుని ఫోటోలు తీసుకున్నారు. కాదండి బాబు, ఆయన్ని ఉంచింది ఈ దీవిలోనే, ఆ జైల్లో పెట్టింది తర్వాత ఇటలీ ప్రెసిడెంట్ అయిన సాండ్రో పెర్తినిని. గైడ్ ఒక్కమాట చెప్తే సరిపోయేది కదా.

అసలు కంప్లయింట్ ఇప్పుడు. 1943లో విడుదలయ్యాడు, చనిపోయాక ఇక్కడే సమాధి చేశారు, థాంక్యూ, టూర్ అయిపోయింది! మధ్యలో 40 ఏళ్ళు ఏమైంది? నేను వెళ్ళిందే దానికోసం. 1970 నుంచి 76 దాకా బ్రస్సెల్స్‌లో యూరోపియన్ కమిషనర్‌గా (మంత్రి లాంటి పదవి) ఇండస్ట్రీ చూశాడు. తర్వాత 1976లో ఇటలీ పార్లమెంటుకి ఎవరి లిస్టులో గెలిచాడో తెలుసా, తనని గెంటేసిన ఆ కమ్యూనిస్టు పార్టీ లిస్టులోనే, ఇండిపెండెంట్‌గా! ఇంతకన్నా మంచి కథ ఉంటుందా? 1979లో యూరోపియన్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు, 1980లో స్ట్రాస్‌బర్గ్‌లో క్రోకడైల్ అనే రెస్టారెంట్లో వేరేవేరే పార్టీల ఎంపీల్ని కూర్చోబెట్టి క్రోకడైల్ క్లబ్ పెట్టాడు, అక్కడ మొదలైన పని 1984 ఫిబ్రవరి 14న యూరోపియన్ యూనియన్ ముసాయిదా ఒప్పందంగా ఆ పార్లమెంటులో 237-31 ఓట్లతో పాసైంది. సభ్యదేశాల ప్రభుత్వాలు మాత్రం దాన్ని పక్కనపెట్టి 1986లో చాలా చిన్న ఒప్పందంతో సరిపెట్టేశాయి, అదే ఏడాది మే లో ఆయన పోయాడు. బ్రస్సెల్స్‌లో యూరోపియన్ పార్లమెంటు బిల్డింగ్ ఒకదానికి ఆయన పేరే పెట్టారు. నన్నడిగితే జైలుకన్నా ఈ పార్టే ఇంట్రెస్టింగ్, ఎందుకంటే ఖైదులో రాసింది కాగితం, పార్లమెంటులో ఓట్లు కూడగట్టాలి.

2025 మార్చిలో ఇటలీ ప్రధాని మెలోనీ ఆ దేశ పార్లమెంటులో ఆ మానిఫెస్టో లైన్లే చదివి, ఇది నా యూరప్ కాదనేసరికి గొడవై సభ ఆపాల్సొచ్చింది. దాని గురించి అడిగితే గైడ్ నవ్వేసి ముందుకెళ్ళిపోయింది. టూరిస్టులతో పాలిటిక్స్ వద్దనుకుందేమో, కానీ రాజకీయ నాయకుడి టూర్‌లో రాజకీయం వద్దంటే ఎలా?

ఎండ బాగా ఉంటుంది, నీడ తక్కువ, పోర్టు నుంచి ఊళ్ళోకి ఎక్కుడు ఉంది, అమ్మానాన్న వచ్చినప్పుడు తీసుకెళ్ళేవాళ్ళు చూసుకోండి. ఆగస్టు వద్దు, మే గానీ సెప్టెంబర్ గానీ బెటర్. టూర్ ఇంగ్లీషులో కావాలంటే ముందే రాసి కన్ఫర్మ్ చేసుకోండి, మాకు సగం ఇటాలియన్‌లోనే నడిచింది.

ఇంకోటి, ఈ దీవి పప్పు ఫేమస్, పొట్టుతో ఉన్న మైసూర్ పప్పు లాగా చిన్నగా ఉంటుంది. సూప్ తిన్నాం, పోపు లేకపోయినా బాగుంది. ప్యాకెట్ కొనేముందు రేటు చూడండి, సూపర్‌మార్కెట్ రేటు అనుకుంటే షాక్ అవుతారు.