అంబాసిడర్ హెడ్‌లైట్లకు రిలే వేయించి ఐదేళ్లయింది

మా అంబాసిడర్ 1988 నాటి మార్క్ 4. బాపు కొన్న బండి. ఆయన పోయాక అమ్మేద్దామని ఇంట్లో అందరూ అన్నా నేను ఒప్పుకోలేదు. ఇంజనుకు ఢోకా లేదు, బ్రేకులు బాగున్నాయి. హెడ్‌లైట్లే ఏళ్లతరబడి ఏడిపించాయి. హన్మకొండ నుంచి ములుగు రోడ్డు మీద పొద్దుగూకాక పోవాలంటే టెన్షన్. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్లలో చాలా వాటికి వెనక లైటు ఉండదు. ఒకసారి ఆత్మకూరు దాటాక అలాంటి ట్రాక్టరు ఒకటి నా కంటబడేసరికి మధ్యలో పది గజాలు కూడా లేవు. పక్క సీట్లో మా అమ్మ ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి చేయని ప్రయత్నం లేదు. బల్బులు మార్చాను. వెలుగు చాలట్లేదని 100/90 వాట్లవి (బ్రైట్‌కు 100, డిమ్‌కు 90) వేస్తే నెలన్నరకే హోల్డర్ ప్లాస్టిక్ కరిగి కాలిన వాసన. తర్వాత ఎల్‌ఈడీ బల్బులు. అవి తెల్లగా మెరిశాయి గానీ వెలుగు దారి మీద తక్కువ, చెట్ల కొమ్మల మీద ఎక్కువ. బల్బు వెనకుండే పాత రిఫ్లెక్టర్‌ను, బల్బులో వెలిగే ఫిలమెంట్ తీగ ఉండే చోటును బట్టి చేశారు. ఎల్‌ఈడీలో వెలుగు పుట్టే తీరు వేరు కాబట్టి చెల్లాచెదురవుతుంది. ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంటే నాకే తప్పనిపించి తీసేశాను.

2020 డిసెంబర్‌లో తెలిసినవాళ్లు చెబితే ఒక ఎలక్ట్రీషియన్ చాచా దగ్గరికి పోయాను. ఆయన బల్బు వంక చూడనే లేదు. ఇంజను ఆన్‌లో పెట్టించి మీటరు తీశాడు. బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు, బల్బు హోల్డర్ దగ్గర 10.9.

"బల్బు మంచిగనే ఉంది బిడ్డా. దాని నోటికాడికి కరెంటు అందుతలేదు" అన్నాడు.

"మరి కరెంటు ఎటు పోతుంది చాచా?"

జవాబు చెప్పకుండా హోల్డర్ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. పిన్నుల మీద పచ్చటి చిలుం. బ్లేడుతో గీకితే పొడి రాలింది. ఎర్త్ వైరు బాడీకి తగిలే చోట పెయింటు, దాని కింద తుప్పు. ముప్పై ఏళ్లు దాటిన వైరింగ్ మరి, వయసు మీద పడదా!

సంగతేమిటంటే, మా బండిలో లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్ దాకా వచ్చి, అక్కడి నుంచి క్లచ్ పక్కన కాలితో నొక్కి డిమ్, బ్రైట్ మార్చే డిప్పర్ స్విచ్‌లోకి దిగి, మళ్లీ ముందుకు పోవాలి. రెండు 60/55 వాట్ల బల్బులకు కలిపి దాదాపు పది ఆంపియర్లు. అంత కరెంటు పాత స్విచ్‌ల గుండా, సన్నటి వైర్ల గుండా పోతుంటే దారిలోనే వేడిగా మారి ఖర్చయిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. నాకు వోల్టేజీ తగ్గింది ఆ పది శాతానికి రెట్టింపు.

దీనికి మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. అది పెడితే పాత స్విచ్ "వెలుగు" అని సైగ చేస్తే చాలు, అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా బల్బుకు పోతుంది. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి, మొత్తం రెండు రిలేలు. వైరు 2.5 ఎంఎం రాగిది. రెండు లైట్లకూ విడివిడిగా కొత్త ఎర్త్. కూలితో సహా అన్నీ కలిపి నాకు మూడు వేల లోపే అయ్యింది. సాయంత్రం మళ్లీ మీటరు పెడితే హోల్డర్ దగ్గర 13.2. బల్బులు మామూలు 60/55వే. ఆ రాత్రి ములుగు దాకా పోయొచ్చాను. రోడ్డు అంచున తెల్ల గీత కనబడటం ఆ బండిలో నాకు అదే మొదటిసారి.

డూములు, అంటే బల్బు కూర్చునే రిఫ్లెక్టరూ ముందు గాజూ, కూడా కొత్తవి వేయించాను. ఏడంగుళాల గుండ్రటి సైజు కాబట్టి దొరకడం కష్టం కాదు. కానీ ఒక్కటి చూసుకోండి. మనది ఎడమ పక్కన నడిపే దేశం, డిమ్ వెలుగు ఎడమ అంచు వైపు కాస్త పైకి లేవాలి. కుడి పక్కన నడిపే దేశాల కోసం చేసిన గాజు అయితే ఆ ఎత్తు కుడి పక్కన వస్తుంది, అంటే నేరుగా ఎదుటివాడి కళ్లలోకి. గోడకు ఇరవై ఐదడుగుల దూరంలో బండి ఆపి లైటు వేస్తే క్షణంలో తెలిసిపోతుంది. పాత డూము లోపల గుడ్డతో మాత్రం తుడవొద్దు, మెరుపు పూత గుడ్డకే అంటుకుని వచ్చేస్తుంది. బల్బు గాజును వేళ్లతో తాకొద్దు.

ఐదేళ్లలో ఇబ్బంది రాలేదని అనను. మొదట రిలేలను రేడియేటర్ పక్కన బిగించాం. 2023 జూలై వానలకు వాటిలో నీళ్లు చేరి డిమ్ రిలే పోయింది. బ్రైట్ పనిచేసింది కాబట్టి ఇల్లు చేరాను. ఆ తర్వాత రిలేలను వెనక్కి, బానెట్ కింద పొడిగా ఉండే చోటికి మార్చి, పిన్నులు కిందికి ఉండేలా బిగించాం. ఒకే ఫ్యూజు తీసేసి ఒక్కో లైటుకు ఒక్కోటి వేయించాను, ఏది పోయినా ఇంకో కన్నైనా తెరిచి ఉండాలని. నిండు వోల్టేజీ అందుతుంది కాబట్టి బల్బులు మునుపటికన్నా త్వరగా పోతున్నాయి, ఇప్పటికి రెండుసార్లు మార్చాను. తాడ్వాయి అడవిలో చలికాలం మంచు పడితే రిలే చేసేదేమీ లేదు, నెమ్మదిగా పోవాల్సిందే.

2022, 2024 మేడారం జాతరలకు ఈ బండిలోనే, రాత్రిపూటే పోయాం. 2022లో తిరుగు ప్రయాణంలో అమ్మ వెనక సీట్లో నిద్రపోయింది. ఆత్మకూరు దగ్గర అయినా లేవలేదు.

కాలి కింది డిప్పర్ స్విచ్ మాత్రం పాతదే. బాపు చెప్పు రాసుకుని రాసుకుని దాని తల నున్నబడింది. ఇప్పుడు దాని గుండా పెద్ద కరెంటు పోదు, వేడెక్కదు. దాన్ని మార్చే అవసరం ఇంకా రాలేదు.