జరిగింది జరిగినట్టు రాస్తే ఈ పాలసీ పనిచేస్తుంది

అమలాపురం, రాజోలు, నరసాపురం మధ్య 216 జాతీయ రహదారి మీద, అది వదిలితే కాలవ గట్ల మీద తిరిగే కారు మాది. కొన్నప్పటి నుంచీ ఫుల్ ఇన్సూరెన్సే, జీరో డెప్‌తో. అంటే మార్చిన భాగాల ధరలో అరుగుదల కింద కోత పెట్టకుండా ఇచ్చే కవరు, మా వైపు అందరూ బంపర్ టు బంపర్ అనేది దీన్నే. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా పెద్ద ఉపయోగం లేదు. పాలసీ కాగితంలో అసలు షరతులు ఏ కంపెనీలో చూసినా దాదాపు అవే. ఇన్నేళ్లు వాడాక నా లెక్క ఇది: క్లెయిమ్ ఫారంలో కథలు అల్లకపోతే ఈ పాలసీకి పెట్టిన డబ్బు దండగ కాదు.

పెద్ద క్లెయిమ్ దాళ్వా కోతలప్పుడు వచ్చింది. ఆ రోజుల్లో రోడ్డుకి సగం ధాన్యమే ఆరుతుంటుంది, కదలకుండా అంచున రాళ్లు కూడా పెడతారు. మా బావమరిది ఎదురొచ్చిన చేపల వ్యానుకి దారివ్వబోయి ధాన్యం మీదకెక్కాడు. చక్రాలు జారి బండి గట్టు దిగి కొబ్బరి చెట్టుకి కొట్టుకుంది. మనుషులకేం కాలేదు గానీ బంపరు, హెడ్‌లైటు, బానెట్టు, రేడియేటరు పోయాయి. షెడ్డుకి చేర్చగానే మేస్త్రీ సలహా సిద్ధం. "మీరే నడుపుతున్నారని రాసేయండి. ధాన్యం గొడవెందుకండీ, గేదె అడ్డొచ్చిందంటే సరిపోద్ది, ఆయ్."

మంచికే చెప్పాడు. కానీ ఆ రెండు అబద్ధాలూ అక్కర్లేనివే. మన బండికి జరిగిన నష్టం మన పాలసీలో అడిగేటప్పుడు తప్పు డ్రైవరుదా కాదా అన్నది అడ్డు రాదు. తాగి ఉండకూడదు, చెల్లే లైసెన్సు ఉండాలి. యజమాని ఒప్పుకుని తాళాలిస్తే బావమరిది నడిపినా, పక్కింటివాళ్లబ్బాయి నడిపినా కవరవుతుంది. ఇది తెలియకే చాలామంది డ్రైవరు పేరు మార్చి, న్యాయంగా రావలసిన డబ్బుని చేతులారా అనుమానంలో పడేసుకుంటారు. మేం ఉన్నది ఉన్నట్టే రాశాం. అంచనా 50,000 దాటింది కాబట్టి నష్టం లెక్కగట్టే లైసెన్సున్న సర్వేయరు వచ్చాడు. రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న ధాన్యం గింజల్ని వేలితో తీసి చూసి, ఫొటో కొట్టుకున్నాడు. గేదె అని రాసుంటే ఆ గింజలకి ఏం జవాబు చెప్పేవాళ్లం?

డబ్బు సంగతి. జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం, అంటే 50 శాతం కోసేస్తారు. ఇప్పటి బండ్లలో బంపరంతా ప్లాస్టిక్కే కాబట్టి ఆ కోత గట్టిగా తగులుతుంది. అద్దాలకి కోత లేదు. జీరో డెప్ ఉన్నా ప్రతి క్లెయిములో 1500 సీసీ లోపు బండికి 1,000, ఆ పైదానికి 2,000 మన చేతినుంచి పోతాయి. కూలెంటు, ఆయిలు, నట్లు, బోల్టుల బిల్లు కూడా మాదే అయింది. ఇది మాత్రం నాకు చిరాకు. రేడియేటరు కొత్తది ఇచ్చి అందులో పోసే కూలెంటు ఇవ్వకపోవడం ఏం లెక్కో.

నీళ్ల విషయం డెల్టాలో ఉన్నవాళ్లందరికీ పనికొస్తుంది. వానలకి మా వీధి మునిగి నీళ్లు సైలెన్సరు దాటినప్పుడు బండి తాళం ముట్టుకోకుండా టోయింగు పిలిచాం. సీట్ల శుభ్రం, వైరింగు క్లెయిమ్ ఇబ్బంది లేకుండా అయిపోయింది. దగ్గర బంధువొకాయన నీళ్లలోనే స్టార్ట్ చేశాడు, ఇంజను పట్టేసింది. ఫారంలో మాత్రం "స్టార్ట్ చేయలేదు" అని రాశాడు. ఇంజను విప్పితే కనెక్టింగ్ రాడ్ వంగి ఉంది. ఆగి ఉన్న ఇంజన్లో నిలిచిన నీళ్లకి రాడ్ వంగదు, లోపలికి పీల్చుకున్న నీళ్లని పిస్టన్ నొక్కబోతేనే వంగుతుంది. ఇంజను ఖర్చు మొత్తం ఆయన నెత్తినే పడింది. ఇంజను ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఇలాంటి వాటికే ఉంది, ఆయన దగ్గర అదీ లేదు.

ఎవరికైనా దెబ్బ తగిలితే దారి వేరు. మన దగ్గర వెంటనే పెద్దల్లో పెట్టి, ఇంత ఇచ్చేస్తామని కాగితం రాసేస్తారు. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా తప్పు మాదేనని గానీ, ఇంతిస్తామని గానీ మాటివ్వకూడదని పాలసీలోనే ఉంటుంది. జరిగింది పూర్తిగా చెప్పడం వేరు, బాధ్యత నెత్తిన వేసుకుని సంతకం పెట్టడం వేరు. ముందు గాయపడ్డవాళ్లని ఆసుపత్రికి చేర్చాలి. 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది, బీమా కంపెనీకి కూడా చెప్పాల్సిందే.

రెన్యువల్లో ఏజెంట్లతో జాగ్రత్త. క్లెయిమ్ తీసుకున్న మరుసటి ఏడు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నాకి పడిపోతుంది. మాది 35 శాతం నుంచి పడింది, బాధగానే ఉంది. కంపెనీ మారితే బోనస్ ఉందని టిక్ పెట్టేద్దామన్నాడు ఏజెంటు. కొత్త కంపెనీ పాతదాన్ని అడిగిందంటే తేలిపోతుంది, అప్పుడు మన బండి నష్టానికి పైసా రాదు. అందుకే గీతలు, చిన్న సొట్టలు క్లెయిముకి పెట్టడం మానేశాం, టింకరింగు డబ్బు మేమే ఇచ్చుకుంటున్నాం.

అన్నీ నిజం రాసినా క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకే రాతలో ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తీర్చే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. మాకు అంతదాకా వెళ్లే పని పడలేదు.

ఈసారి రెన్యువల్లో ఇంజను ప్రొటెక్టు, కూలెంటు బాపతు కవరు రెండూ చేరుస్తున్నాం. తాళాలు పోతే ఇచ్చే కవరు కూడా అంటగట్టబోయారు, అది వద్దన్నాం.