పిల్ల పైథాన్ మేత ముట్టాలంటే: హీట్ మ్యాట్, థర్మోస్టాట్, చిన్న డబ్బా. మూడు చలికాలాల వాడకం తర్వాత

కొత్త ఇంటికి వచ్చిన బాల్ పైథాన్ (పెంపుడు కొండచిలువ రకం) పిల్ల ఎలుకను ముట్టకపోతే అందరూ ముందు ఎలుకను మారుస్తారు. మార్చాల్సింది చాలావరకు డబ్బా అడుగున ఉన్న వేడిని. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగుతాయి. ఆ చలిలో పాముకు అరుగుదల ఉండదు. ఒకవేళ మింగినా కడుపులో కుళ్ళి కక్కేస్తుంది. చెన్నైలో ఈ బాధ తక్కువ.

వాడిన సరంజామా ఇది: 14 వాట్ల హీట్ మ్యాట్ (28 × 15 సెంటీమీటర్లు), తీగ చివర ప్రోబ్ (వేడిని కొలిచే ముక్క) ఉండే ఆన్-ఆఫ్ డిజిటల్ థర్మోస్టాట్ (వేడి చాలినప్పుడు మ్యాట్‌ను ఆపేసే పరికరం), మూతకు క్లిప్పులున్న 12 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. థర్మోస్టాట్ బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో దొరికే మామూలు రకమే. వెనక టెర్మినళ్ళు తెరిచి ఉంటాయి కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో ఒక పెట్టెలో బిగించి, మూడు పిన్నుల ప్లగ్ పెట్టించాలి.

మ్యాట్ డబ్బా బయట, అడుగులో మూడో వంతు కింద మాత్రమే ఉండాలి. మూలల్లో నాలుగు రబ్బరు ముక్కలు పెట్టి మూడు మిల్లీమీటర్ల సందు వదలండి, లేకపోతే వేడి పోయే దారి ఉండదు. ప్రోబ్‌ను మ్యాట్‌కూ డబ్బాకూ మధ్య టేపుతో అంటించాలి. లోపల పెడితే పాము దాన్ని తోసేస్తుంది, లేదా నీళ్ళ గిన్నె దానిమీద ఒలుకుతుంది. చల్లబడిన ప్రోబ్‌ను నమ్మి థర్మోస్టాట్ మ్యాట్‌ను ఆపకుండా కాలుస్తుంది. కాలిన పొట్టతో డాక్టరు దగ్గరికి వచ్చే పాముల్లో ఈ తప్పు జరిగినవి ఉంటాయి. బయట 34కు సెట్ చేస్తే లోపల పరిచిన కాగితం మీద 31, 32 వస్తుంది. ఇది ఊహ మీద వదలకుండా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూసుకోవాలి. రెండో కొస 26 దగ్గర ఉంటే చాలు. మ్యాట్ ఆగే వేడికీ, మళ్ళీ వెలిగే వేడికీ మధ్య తేడాను ఒక డిగ్రీకి పెట్టండి. కొబ్బరి పొట్టు నాలుగు సెంటీమీటర్లు పరిస్తే ఇదంతా వృథా, వేడి పైకి రాదు. మొదటి రెండు నెలలు న్యూస్‌పేపరే మేలు, రెట్ట కూడా వెంటనే కనబడుతుంది.

డబ్బా చిన్నదైతే పాపం అనిపిస్తుంది, నిజమే. కానీ 60 గ్రాముల పిల్లకు గాజు ట్యాంకు అంటే నాలుగు వైపులా శత్రువులు కనబడే మైదానం. ఒళ్ళు గోడలకు తగిలేంత ఇరుకు గూళ్ళు రెండు, వెచ్చటి కొసకొకటి, చల్లటి కొసకొకటి పెట్టండి. చుట్టూ నల్ల కాగితం అంటించండి. తేమ 60 శాతం దగ్గర ఉండాలి. ఫిబ్రవరి, మార్చిల్లో గాలి బాగా పొడిబారుతుంది కాబట్టి మూతలో రంధ్రాలు సగం మూయాల్సి వస్తుంది.

ఇక మేత. వారం రోజులు చేతిలోకి తీయకూడదు. ఆ తర్వాత పాము బరువులో పదో వంతు ఉన్న ఎలుక, అంటే 60 గ్రాముల పిల్లకు ఆరు, ఏడు గ్రాములది. ఫ్రోజెన్ ఎలుకను రాత్రంతా ఫ్రిజ్‌లో మంచు కరగనిచ్చి, జిప్ కవరులో పెట్టి వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచాలి. మైక్రోవేవ్ వద్దు, పొట్ట పగిలిపోతుంది. ఈ పనికి వాడిన గిన్నె వంటింట్లోకి తిరిగి రాకూడదు. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, అందుకే ఇచ్చే ముందు ఎలుక తలను మళ్ళీ వేడినీళ్ళలో ముంచి, 38 డిగ్రీలు దాటాక తుడిచి ఇవ్వాలి.

లైట్లు ఆర్పిన గంట తర్వాత 30 సెంటీమీటర్ల పట్టుకారుతో ఎలుకను తోక దగ్గర పట్టుకుని గూడు వాకిట్లో నెమ్మదిగా కదపండి. పాము మెడ ఎస్ ఆకారంలో ముడుచుకుని, ముక్కు ఎలుక వైపే నిలిచిందంటే ఆగండి, ఇక కదపకండి. అందుకుని చుట్టేశాక పావుగంట కదలకుండా ఉన్నా తొందరపడి మూత తీయవద్దు. తల దాచుకుని ఉండలా చుట్టుకుంటే ఆ రాత్రికి అంతే. ఎలుకను గూడు ముందు వదిలేసి, తెల్లారేసరికి ముట్టకపోతే పారేయండి. మళ్ళీ గడ్డకట్టించకూడదు.

తర్వాతి ప్రయత్నం ఐదు నుంచి ఏడు రోజుల తర్వాతే. రోజూ ఎలుక చూపిస్తే మొండితనం పెరుగుతుంది. కళ్ళు నీలంగా మసకబారితే కుబుసం విడిచేదాకా మేత చూపించవద్దు. కక్కితే పది, పద్నాలుగు రోజులు కడుపు ఖాళీగా ఉంచి, సగం సైజు ఎలుకతో మొదలుపెట్టాలి. వారానికోసారి తూయండి, పదో వంతు బరువు తగ్గితే సరీసృపాలు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. (పాలు పోస్తే తాగుతుందా అని చుట్టాలు అడుగుతారు. తాగదు. నాగులచవితి నాడు కూడా.)

సరంజామా లోపాలు చెప్పాలి. రిలే (థర్మోస్టాట్‌లో మ్యాట్‌ను వెలిగించి ఆపే స్విచ్) టక్కుమన్నప్పుడల్లా అదురు వస్తుంది, పెట్టెను డబ్బాకు తగిలించకుండా గోడకు బిగించండి. రిలే ఆన్‌లోనే అతుక్కుపోయే ప్రమాదం ఈ రకానికి ఉంది. పెద్ద వాట్ల మ్యాట్ వద్దనేది అందుకే. మూడో చలికాలానికి రీడింగ్ ఒక డిగ్రీ తప్పింది, కాలిబ్రేషన్‌తో సరిదిద్దాల్సి వచ్చింది. కరెంటు పోయి వచ్చాక సెట్టింగులు చెరగకపోవడం మెచ్చుకోదగ్గది. రెండు గంటలకు మించి కరెంటు లేకపోతే గాలి ఆడేలా దుప్పటి కప్పితే చాలు.

బాల్ పైథాన్ సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో 2024 నిబంధనల కింద నమోదు చేయించాలి. కొనేటప్పుడే కాగితాలు అడగండి. మన దేశపు అడవి పాములను పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఖర్చు: మ్యాట్ సగం సేపు వెలిగినా నెలకు ఐదు యూనిట్లు. ఐదుకు నాలుగు మార్కులు, కోసిన ఆ ఒక్కటీ రిలేకే.